కాలి బీపీతో గుండె ముప్పును ముందే పసిగట్టడం: కొలత, లెక్క, ఆ తర్వాత చేయాల్సినవి

బీపీ అంటే చేతికి పట్టీ కట్టి చూసేదే అని మనకు అలవాటైపోయింది. అదే పట్టీని చీలమండకు కాస్త పైన కట్టి చూస్తే, చేతి బీపీ ఎప్పటికీ చెప్పలేని సంగతి ఒకటి బయటపడుతుంది. కాళ్లకు రక్తం తీసుకెళ్లే ధమనుల్లో కొవ్వు పేరుకుని దారి ఇరుకైందా లేదా అన్నది తెలుస్తుంది. కాళ్లలో ఇరుకైతే గుండెకు, మెదడుకు వెళ్లే నాళాల్లోనూ అదే జబ్బు మొదలై ఉండే అవకాశం బాగా ఎక్కువ. కాలి బీపీని చేతి బీపీతో భాగించి లెక్కగట్టే ఈ పరీక్షను డాక్టర్లు యాంకిల్ బ్రేకియల్ ఇండెక్స్ అంటారు, పొట్టిగా ఏబీఐ. సూది లేదు, రక్తం తీయడం లేదు, పావుగంట నుంచి అరగంట లోపు అయిపోతుంది. అయినా మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో షుగర్‌తో ఏళ్ల తరబడి మందులు మింగుతున్న చాలామందికి ఈ పరీక్ష పేరే తెలియదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. పరీక్ష చేయించుకునేవాళ్లకూ, పీహెచ్‌సీల్లో, చిన్న క్లినిక్కుల్లో చేసే నర్సులకూ పనికొచ్చేలా రెండు వైపుల నుంచీ చెబుతాను.

కాలికీ గుండెకూ లంకె ఏమిటి

ఆరోగ్యంగా ఉన్న మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కొలిస్తే, చీలమండ దగ్గర పై బీపీ చేతిలో కంటే కొంచెం ఎక్కువే ఉంటుంది, సాధారణంగా 10 నుంచి 20 పాయింట్లు. గుండె నుంచి బయల్దేరిన ఒత్తిడి తరంగం కాళ్ల దాకా వెళ్లేసరికి దాని శిఖరం కాస్త పెరుగుతుంది కాబట్టి అలా వస్తుంది. మధ్యలో ఎక్కడైనా ధమని పూడుకుపోతే ఈ వరుస తిరగబడుతుంది. మామిడి తోటలో డ్రిప్పు వేసిన రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. మోటారు దగ్గర ప్రెషర్ బాగానే ఉంటుంది, కానీ పైపులో ఎక్కడో పాచి పట్టిందంటే చివరి చెట్టు దగ్గర నీళ్లు సన్నగా కారతాయి. చీలమండ మన ఒంట్లో ఆ చివరి చెట్టు. పైగా కొవ్వు పేరుకునే జబ్బు ఒక్క పైపుతో ఆగేది కాదు, ఒళ్లంతా పాకే జబ్బు.

చీలమండ దగ్గర ఒత్తిడి కొలిచి కాలి ధమనుల జబ్బు కనిపెట్టవచ్చని అమెరికాలో విన్సర్ అనే వైద్యుడు 1950లోనే రాశాడు. అది గుండె ముప్పును కూడా ముందే చెప్పగలదని గట్టిగా తేలింది మాత్రం 2008లో. 16 అధ్యయనాల్లోని 48,294 మంది వివరాలు ఒకచోట చేర్చి చూశారు. ఏబీఐ 0.90 లేదా అంతకంటే తక్కువ ఉన్న మగవాళ్లలో పదేళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయినవాళ్లు 18.7 శాతం. మామూలుగా ఉన్నవాళ్లలో అది 4.4 శాతమే. ఆడవాళ్లలో 12.6 శాతం, 4.1 శాతం. వయసు, కొలెస్ట్రాల్, బీపీ, పొగతాగడం అన్నీ కలిపి వేసే ఫ్రామింగ్‌హామ్ లెక్కలో ఒకే వర్గంలో ఉన్నవాళ్లను పోల్చినా, కాలి అంకె తక్కువున్నవాళ్లకు ముప్పు దాదాపు రెట్టింపు కనిపించింది. ఆ జనం ఎక్కువగా పాశ్చాత్య దేశాలవాళ్లు కాబట్టి ఆ శాతాలను మన ఊరికి అచ్చంగా అంటించకూడదు. కానీ ముప్పు ఎటు మొగ్గుతుందో అవి స్పష్టంగానే చెబుతున్నాయి.

ఎవరు చూపించుకోవాలి

అందరికీ అక్కర్లేదు. ఏ ఇబ్బందీ, ఏ ముప్పూ లేని పాతికేళ్ల కుర్రాడికి ఇది చేసి ప్రయోజనం లేదు. లక్షణాలు లేని మామూలు జనమందరికీ చేయాలని చెప్పడానికి తగిన ఆధారం లేదని అమెరికాలోని నివారణ వైద్య నిపుణుల బృందం 2018లో తేల్చింది. అయితే 65 దాటినవాళ్లు, 50 దాటి షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, పొగతాగడం లాంటివి ఉన్నవాళ్లు, 50 లోపే అయినా షుగర్‌తోపాటు ఇంకో ముప్పు ఉన్నవాళ్లు డాక్టరును అడిగి చేయించుకోవడం మంచిది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గుండెపోటో పక్షవాతమో ఇప్పటికే వచ్చినవాళ్లు కూడా అంతే. కాలి మీద పుండు వారాలు గడిచినా మానకపోతే మాత్రం వయసుతో పని లేదు, వెంటనే చూపించాలి.

బీడీ సంగతి విడిగా చెప్పాలి. గుండె ధమనులకంటే కాళ్ల ధమనులే పొగాకుకు ఎక్కువ లొంగుతాయి. ముప్పై, నలభై ఏళ్లుగా బీడీ తాగుతున్న పెద్దాయన "నాకు షుగర్ లేదు, బీపీ లేదు" అన్నా సరే, ఈ పరీక్ష ఆయనకు కావాల్సిందే.

మెట్లెక్కేటప్పుడు పట్టే పిక్కలు

అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. ఎక్కినవాళ్లకు ఒళ్లునొప్పులు రావడం సహజం. అందువల్లే మన ప్రాంతంలో అసలు జబ్బు నొప్పి కూడా మెట్ల నొప్పుల కిందే జమైపోతుంది. ఈ రెంటినీ విడదీయడం నేర్చుకోవాలి.

మామూలు కండరాల నొప్పి మర్నాడు, ఆ మర్నాడు ఎక్కువగా ఉంటుంది. ముట్టుకుంటే కూడా నొస్తుంది. ధమని పూడుకుపోయి వచ్చే నొప్పి అలా కాదు. నడుస్తుండగానే పిక్కలోనో తొడలోనో పిరుదులోనో పట్టేస్తుంది. నిలబడితే చాలు, కూర్చోనక్కర్లేదు, కొన్ని నిమిషాల్లో పోతుంది. మళ్లీ నడిస్తే దాదాపు అంతే దూరంలో మళ్లీ పడుతుంది. గాలిగోపురం దాకా ఉన్న నిటారు మెట్ల మీద ప్రతి కొన్ని మెట్లకూ ఆగి, ఆ తర్వాత చదునుగా ఉన్న దారిలో బాగానే నడిచి, మళ్లీ మోకాళ్ల మెట్టు దగ్గర పట్టేస్తోందంటే అనుమానించండి. నడుము నరాలు నొక్కుకుపోయి వచ్చే నొప్పి ఇంకో రకం. అది నిలబడితే తగ్గదు, కూర్చుంటేనో ముందుకు వంగితేనో తగ్గుతుంది.

నర్సులు అడగాల్సిన ప్రశ్న సూటిగా ఉండాలి. "కాళ్లు నొస్తాయా?" అంటే అందరూ అవుననే అంటారు. "పెద్దాయనా, ఎంత దూరం నడిస్తే పడుతుంది? నిలబడితే పోతుందా, కూర్చుంటేనే పోతుందా?" అని అడగండి. ఇంకో ముఖ్యమైన మాట: ఈ జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఇలాంటి అచ్చమైన నొప్పి ఉండదు. షుగర్‌తో స్పర్శ తగ్గినవాళ్లకు, మోకాళ్ల నొప్పులతో అసలు అంత దూరమే నడవనివాళ్లకు జబ్బు నిశ్శబ్దంగా ముదిరిపోతుంది. నొప్పి లేదు కాబట్టి జబ్బు లేదనుకోవద్దు.

ఏమేం కావాలి

డయల్ ఉన్న బీపీ మిషన్, తగిన సైజు పట్టీ, జెల్, చేతిలో ఇమిడే డాప్లర్ (నాళంలో రక్తం పారే చప్పుడును వినిపించే పరికరం). స్టెతస్కోపు ఇక్కడ పనికిరాదు, చీలమండ దగ్గర చప్పుడు సరిగా వినపడదు. వేలితో నాడి పట్టి చూసినా నమ్మకం తక్కువ, ఎందుకంటే పాదం మీది నాడి ఏ జబ్బూ లేని కొందరికి కూడా వేలికి అందదు.

డాప్లర్ దగ్గర ఒక పొరపాటుకు ఆస్కారం ఉంది. పీహెచ్‌సీల్లో గర్భిణులకు బిడ్డ గుండె చప్పుడు వినిపించే డాప్లర్ ఉంటుంది. అది 2, 3 మెగాహెర్ట్‌జ్‌ది, లోతుగా ఉన్నవాటిని వినడానికి చేసింది. చర్మం కిందే ఉండే కాలి ధమనులకు 8 నుంచి 10 మెగాహెర్ట్‌జ్ ప్రోబ్ (చర్మానికి ఆనించే భాగం) కావాలి. మిషన్ ఒకేలా కనిపించినా ప్రోబ్ మీద అంకె చూసుకోండి.

పట్టీ వెడల్పు చేతి లేదా కాలి చుట్టుకొలతలో కనీసం 40 శాతం ఉండాలి. ఇరుకు పట్టీ కడితే బీపీ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. ఆ ఎక్కువ అంకె జబ్బును దాచేస్తుంది.

కొలిచే ముందు

పరీక్షకు రెండు గంటల ముందు నుంచీ బీడీ, సిగరెట్ తాగకూడదు. గది మరీ చల్లగా ఉండకూడదు, ఏసీ ఉంటే కాసేపు ఆపండి. సాక్సు, బిగుతు ప్యాంటు తీసేయాలి. వెల్లకిలా పడుకుని 5 నుంచి 10 నిమిషాలు కదలకుండా ఉండాలి. తల కింద దిండు ఉండొచ్చు, మడమలు మంచం మీదే ఆనాలి. కూర్చోబెట్టి కొలిస్తే కాలు గుండెకంటే కిందకు ఉండడం వల్ల అంకె చాలా ఎక్కువ వస్తుంది, ఆ పరీక్షకు అర్థమే ఉండదు. రద్దీ ఓపీలో ఈ విశ్రాంతినే ముందుగా ఎగ్గొడతారు. దయచేసి ఎగ్గొట్టకండి.

కాలికి బైపాస్ ఆపరేషన్ అయి ఉంటే, అందులో వేసిన నాళం వెళ్లే చోట పట్టీ కట్టొద్దు. పుండు ఉంటే తడి అంటని డ్రెస్సింగుతో కప్పాకే కట్టాలి. పిక్క ఉన్నట్టుండి వాచి నొప్పిగా ఉంటే సిరలో (రక్తాన్ని గుండెకు తిరిగి తెచ్చే నాళంలో) రక్తం గడ్డకట్టిందేమో ముందు చూడాలి, ఈ పరీక్ష తర్వాత.

కొలవడం, వరుసగా

1. కుడి చేతికి పట్టీ కట్టి, మోచేతి మడతలో జెల్ రాసి, ప్రోబ్‌ను 45 నుంచి 60 డిగ్రీలు వాలుగా పెట్టండి. ధమని అయితే గుండె కొట్టుకునే లయలో ఉష్, ఉష్ అని విడివిడిగా వినిపిస్తుంది. ఆగకుండా హోరుమంటుంటే అది సిర, ప్రోబ్ కాస్త జరపండి. గట్టిగా నొక్కితే ధమని మూసుకుపోతుంది, తేలిగ్గా పట్టుకోవాలి.

2. చప్పుడు ఆగిపోయేదాకా గాలి కొట్టి, ఆగిన చోటికి ఇంకో 20 పాయింట్లు పైకి తీసుకెళ్లండి. అక్కణ్నుంచి సెకనుకు 2 పాయింట్ల చొప్పున నిదానంగా వదలండి. చప్పుడు మళ్లీ మొదటిసారి వినిపించిన అంకే పై బీపీ. కింది బీపీతో ఈ పరీక్షలో పని లేదు.

3. కుడి కాలికి మారండి. పట్టీ కింది అంచు, చీలమండ ఎముక పైభాగానికి 2 సెంటీమీటర్లు పైన ఉండాలి. పట్టీని నేరుగా చుట్టండి, మెలికలుగా వద్దు. ప్రోబ్‌ను లోపలివైపు చీలమండ ఎముక వెనక పెట్టి, చేతికి చేసినట్టే కొలిచి రాసుకోండి.

4. పట్టీ కదపకుండా, పాదం పైన బొటనవేలు, రెండో వేలు ఎముకల మధ్య నుంచి పైకి వెతుకుతూ రెండో ధమనిని పట్టుకుని కొలవండి.

5. ఎడమ కాలికి ఇవే రెండు కొలతలు తీసుకోండి.

6. చివరగా ఎడమ చేయి. మొదట కొలిచిన కుడి చేయి దీనికంటే 10 పాయింట్లకు మించి ఎక్కువ వచ్చి ఉంటే, కుడి చేతిని ఇంకోసారి చూసి ఆ కొత్త అంకె తీసుకోండి. పరీక్ష మొదట్లో టెన్షన్ వల్ల బీపీ పెరిగి ఉండొచ్చు. రెండోసారి చూసినా రెండు చేతుల మధ్య 15కు పైగా తేడా ఉంటే కాగితం మీద ప్రత్యేకంగా రాయండి. చేతికి వెళ్లే ధమని కూడా ఇరుకై ఉండొచ్చు.

పట్టీలో 300 దాకా గాలి కొట్టినా చప్పుడు ఆగకపోతే అక్కడితో ఆపేసి "ధమని నొక్కుకోలేదు" అని రాయండి. దాని అర్థం కింద చెబుతాను.

లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. కుడి చేయి 138, ఎడమ చేయి 144. కుడి కాలు చీలమండ వెనక 118, పాదం మీద 124. ఎడమ కాలు చీలమండ వెనక 150, పాదం మీద 146.

భాగించాల్సింది రెండు చేతుల్లో ఎక్కువున్న అంకెతో, అంటే 144. రెండు కాళ్లకూ ఇదే. కాలికి జబ్బు ఉందా లేదా తేల్చాలంటే ఆ కాలి రెండు కొలతల్లో ఎక్కువది తీసుకుంటారు. కుడి కాలు 124ను 144తో భాగిస్తే 0.86. ఎడమ కాలు 150ని 144తో భాగిస్తే 1.04. కుడి కాలిలో జబ్బు ఉన్నట్టే. రెండు కాళ్లలో తక్కువ వచ్చిన అంకే ఆ మనిషి గుండె ముప్పుకు గుర్తు. కొందరు పరిశోధకులు ముప్పు అంచనాకు ఒకే కాలిలోని తక్కువ కొలతను వాడారు. అలా అయితే 118ని 144తో భాగించి 0.82. దీనివల్ల ముప్పున్నవాళ్లు ఇంకా ఎక్కువమంది దొరుకుతారు. అందుకే ఏ పద్ధతిలో లెక్కేశారో రిపోర్టులో రాయాలి, ఆరు కొలతలూ విడివిడిగా ఉండాలి. ఒక్క "ఏబీఐ 0.86" అని రాసిన చీటీ తర్వాత చూసే డాక్టరుకు సగమే ఉపయోగం.

ఇదే మనిషికి హడావిడిలో కుడి చేయి ఒక్కటే చూసి 138తో భాగిస్తే 0.90 వస్తుంది. జబ్బు నిజంగా ఉన్నంతా కనపడక సరిహద్దు మీదకు జరిగిపోతుంది. రెండు చేతులూ చూడాలని పట్టుబట్టేది ఇందుకే.

అంకె ఏం చెబుతోంది

1.00 నుంచి 1.40 మధ్య మామూలు. 0.91 నుంచి 0.99 అంచున ఉన్నట్టు, గుండె ముప్పు అక్కడి నుంచే మెల్లగా మొదలవుతుంది. 0.90, అంతకు తక్కువ అయితే కాలి ధమనుల జబ్బు ఉన్నట్టు. 0.40 కిందకు వెళ్తే తీవ్రం. పడుకున్నప్పుడు కూడా పాదం నొస్తూ లేదా పుండు మానకుండా ఉండి, చీలమండ దగ్గర బీపీ 50 కంటే తక్కువ ఉంటే కాలే పోయే ప్రమాదం ఉంది. అలాంటివాళ్లను నెలల తర్వాత రమ్మనకూడదు.

1.40 దాటితే మంచిదని సంబరపడొద్దు. చేయి 140, కాలు 230 వచ్చిందనుకోండి, లెక్క 1.64. కాలికి రక్తం బ్రహ్మాండంగా పోతోందని కాదు, ధమని గోడలో సున్నం పేరుకుని గట్టిపడి పట్టీకి లొంగడం లేదని అర్థం. చాలాకాలంగా షుగర్ ఉన్నవాళ్లలో, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ఇది బాగా కనిపిస్తుంది. అమెరికా మూలవాసులపై చేసిన స్ట్రాంగ్ హార్ట్ స్టడీలో 0.90 కంటే తక్కువున్నవాళ్లలోనే కాదు, 1.40 దాటినవాళ్లలో కూడా మరణాలు ఎక్కువగా తేలాయి. ఇలాంటివాళ్లకు కాలి బొటనవేలికి చిన్న పట్టీ కట్టి చూడాలి, ఆ వేలి ధమనులకు సున్నం అంతగా పట్టదు. ఆ లెక్క 0.70 లేదా అంతకు తక్కువ వస్తే జబ్బు ఉన్నట్టే. షుగర్ ఎక్కువున్న మన జిల్లాల్లో ఈ సంగతి తెలియకుండా పరీక్ష చేయడం ప్రమాదం. లొంగని ధమని ఒక్కోసారి 1.10 లాంటి అందమైన అంకె కూడా ఇచ్చేస్తుంది. కాలు చల్లగా ఉండి, పుండు మానక, అంకె మాత్రం బాగుంటే అంకెను నమ్మకండి.

పడుకున్నప్పుడు అంకె మామూలుగా వచ్చి, నడిస్తే మాత్రం పిక్క పట్టేస్తుంటే నడిపించి చూడాలి. ట్రెడ్‌మిల్ లేకపోతే గోడ పట్టుకుని మునివేళ్ల మీద పైకి లేచి దిగడం, నొప్పి వచ్చేదాకా లేదా 50 సార్ల దాకా చేయించి, వెంటనే పడుకోబెట్టి మళ్లీ కొలుస్తారు. అంకె 20 శాతానికి మించి పడినా, చీలమండ బీపీ 30 పాయింట్లకు మించి తగ్గినా జబ్బు ఉన్నట్టే. ఛాతీలో నొప్పి వచ్చేవాళ్లకు, ఆయాసపడేవాళ్లకు డాక్టరు పక్కన లేకుండా ఇది చేయకూడదు.

ఇంట్లో ఉన్న బటన్ మిషన్‌తో చూడొచ్చా

చాలామంది అడిగేదే. చూసినంత మాత్రాన హాని లేదు, కానీ దాన్నిబట్టి ధైర్యపడకూడదు. ఆ మిషన్లు కాలిలో ఒత్తిడి నిజంగా తక్కువగా ఉన్నప్పుడే తప్పుతాయి. ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి లేదా ఎర్రర్ అని ఆగిపోతాయి. పడుకుని చూసినప్పుడు కాలి అంకె చేతికంటే తక్కువ వచ్చినా, చేతికి పనిచేసే మిషన్ కాలికి పదేపదే ఎర్రర్ చూపించినా డాప్లర్ పరీక్షకు వెళ్లండి. మామూలుగా వచ్చి, పైన చెప్పిన లక్షణాలో ముప్పులో ఉంటే అప్పుడూ వెళ్లండి. తిరుపతిలో అయితే స్విమ్స్, రుయా ఆస్పత్రులు ఉన్నాయి. చిత్తూరు వైపువాళ్లు చాలామంది వెల్లూరు సీఎంసీకి వెళ్తుంటారు. ఎక్కడికి వెళ్లినా ముందుగా "డాప్లర్‌తో కాలి బీపీ, ఏబీఐ చూస్తారా, ఏ రోజు చూస్తారు" అని కనుక్కుని వెళ్తే బస్సు ఛార్జీ వృథా కాదు.

తక్కువ వచ్చింది, ఇప్పుడేం చేయాలి

0.90 కంటే తక్కువ వచ్చిందంటే వెంటనే కాలికి ఆపరేషన్ అని భయపడొద్దు. చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. కానీ ఆ మనిషిని ఇకనుంచి గుండె జబ్బు ముప్పు ఎక్కువున్న మనిషిగానే చూడాలి. కొలెస్ట్రాల్ రిపోర్టు మామూలుగా ఉన్నా డాక్టరు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాయొచ్చు. "నాకు కొవ్వు లేదు కదా" అని మానేయకండి. బీపీ, షుగర్ అదుపులో ఉండాలి. బీడీ, సిగరెట్, ఖైనీ పూర్తిగా మానాలి. రోజుకు రెండే తాగుతున్నాననే లెక్క ఇక్కడ చెల్లదు.

ఆస్ప్రిన్ మాత్రం సొంతంగా మొదలుపెట్టకండి. ఏ లక్షణాలూ లేకుండా అంకె మాత్రమే తక్కువున్న 3,350 మందిలో సగం మందికి ఆస్ప్రిన్, మిగతా సగానికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి స్కాట్లండ్‌లో చూసిన అధ్యయనం ఫలితాలు 2010లో వచ్చాయి. గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. లక్షణాలున్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకు రక్తం పలుచన చేసే మందు అవసరమే. ఎవరికి ఏది అన్నది డాక్టరే తేల్చాలి.

నడక ఇక్కడ నిజంగా మందే. పిక్క పట్టేదాకా నడవాలి, నొప్పి ఓ మోస్తరుకు వచ్చాక ఆగాలి, పోయాక మళ్లీ నడవాలి. ఇలా ఆగుతూ నడుస్తూ 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం మూడు రోజులు, మూడు నెలలు చేస్తే నొప్పి లేకుండా నడిచే దూరం పెరుగుతుంది. దీనికి చదునైన దారి చాలు. కొండ మెట్లు ఎక్కాలని మొక్కుకున్నవాళ్లు గుండె పరీక్షలు అయ్యాక డాక్టరును అడిగే ఎక్కాలి.

పాదాల విషయంలో మన ఊరి అలవాటు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. కొండ మీద, గుడి మాడవీధుల్లో చెప్పుల్లేకుండానే తిరుగుతాం. షుగర్‌తో స్పర్శ పోయి, పైగా రక్తం తక్కువగా అందే పాదానికి ఎండలో కాలిన రాయి తగిలితే బొబ్బ వచ్చిన సంగతి కూడా తెలియదు. దర్శనం తెల్లవారుజామునో సాయంత్రం చల్లబడ్డాకో పెట్టుకోండి. ఇంటికి రాగానే అరికాళ్లు, వేళ్ల సందులు అద్దంలో చూసుకోండి, లేదా పిల్లల్ని చూడమనండి. చర్మం మీద ఎరుపు, నలుపు, నీటిబొబ్బ ఏది కనిపించినా మర్నాటికి వాయిదా వేయొద్దు.

రోజంతా షాపుల్లో నిలబడి పనిచేసేవాళ్లకు కాళ్లలో నరాలు ఉబ్బితే బిగుతు మేజోళ్లు వేసుకోమంటారు. ధమనులు ఇరుకైన కాలికి ఆ మేజోళ్లు ఉన్న కాస్త రక్తాన్నీ ఆపేస్తాయి. వాటిని కొనేముందు ఏబీఐ చూపించుకోండి.

మళ్లీ ఎప్పుడు కొలవాలన్నది డాక్టరు చెబుతారు. రెండు పరీక్షల మధ్య 0.15కు మించి తగ్గితేనే జబ్బు ముదిరిందని లెక్క. 0.02, 0.03 తేడాలు కొలతలో సహజంగా వచ్చేవే, వాటికి కంగారు పడనక్కర్లేదు. పాత కాగితాలు పారేయకుండా తీసుకెళ్లండి.

ఒక్క సందర్భంలో మాత్రం పరీక్ష కోసం, అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, విపరీతంగా నొస్తూ, మొద్దుబారుతూ, వేళ్లు కదలడం కష్టమైతే ధమనిలో రక్తం గడ్డ అడ్డుపడిందని అనుకోవాలి. కాలిని కాపాడుకోవడానికి ఉండేది కొద్ది గంటలే. వేడి కాపడం పెట్టొద్దు, తైలంతో మర్దన చేయొద్దు. 108కి ఫోన్ చేసి, రక్తనాళాల ఆపరేషన్ చేయగల పెద్దాస్పత్రికే నేరుగా తీసుకెళ్లమని అడగండి.